సెకనుకు కోటి

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా వినబడదు. ఎనిమిదేళ్ళ వయసులో జ్వరమొచ్చి, చేదుమందు మింగనని పెదవులు బిగించుకు కూర్చుంటే తల్లి విసిగి "మొండిఘటం" అంది. మందు ఒలికిపోయింది, జ్వరం దానంతట అదే తగ్గింది, పేరు మాత్రం ఉండిపోయింది. పెళ్ళయ్యాక అత్తగారు దాన్ని "మొండి" అని కుదించింది. ఆ మాటను పనిచోటికి ఎవరు మోసుకెళ్ళారో తెలియదు, చేరిన ఆర్నెల్లకే అక్కడందరికీ ఆమె మొండక్క అయింది. ఇప్పుడు యాభై రెండేళ్ళు నిండాయి. ఇక మారే పేరు కాదు, మారే మనిషీ కాదు.

మొండక్క పనిచేసేది వాకీటాకీలు బాగుచేసే వర్క్‌షాపులో. అంబులెన్సులవి, ఫైరింజన్లవి, కాపలావాళ్ళవి, దెబ్బతిన్న సెట్లన్నీ అక్కడికే వస్తాయి. రెండో అంతస్తులో పొడుగాటి హాలు, కిటికీల వెంబడి ఎనిమిది బల్లలు, ప్రతి బల్ల మీదా ఒక దీపం, ఒక భూతద్దం, సోల్డరింగు పొగ వాసన. సెట్టు బాగుపడ్డాక చివరి పని ఒకటుంటుంది. ప్రతి సెట్టుకూ తనదైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది, అంటే సెకనుకు ఇన్ని కంపనాలని ఒక లెక్క. ఆ లెక్క తప్పితే సెట్టు పక్కవాడి మాటల్లో వేలు పెడుతుంది, లేదా తన మాట తనవాడికే వినబడకుండా పోతుంది. లోపల ఆవగింజంత మర ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పి లెక్క కుదర్చాలి.

ఆ మర తిప్పడం ఆమెకు నేర్పింది పక్క బల్ల పెద్దాయన. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది, చుట్టరికం ఏమీ లేదు. బల్ల మీద నమూనా పెట్టె ఒకటుంటుంది, దాని లెక్క ఖచ్చితం. బాగుచేసిన సెట్టును దాని పక్కన పెడితే రెండింటికీ ఉన్న తేడా ఈలగా వినిపిస్తుంది. మర తిప్పేకొద్దీ ఈల కిందికి దిగుతుంది, గురకవుతుంది, చివరికి ఆ గురకా ఆగిపోతుంది. ఆగిందంటే రెండూ ఒకటైనట్టు. కళ్ళు మూసుకుని వినమనేవాడు బాబాయ్. మొదటిరోజే ఇంకో మాట కూడా చెప్పాడు, నమూనా పెట్టెను ఎప్పుడూ ఆపకూడదని, కరెంటు పోతే బ్యాటరీ మీదైనా నడవాలని. ఎందుకని అడిగితే, అది చలికి ముడుచుకునే రకం అన్నాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు. ఆయనకు నేర్పినవాడు అలా చెప్పాడు, అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ పెట్టె మీది పచ్చదీపం ఆరలేదు.

హాలు చివర గాజు తలుపున్న గది టెస్టింగ్ సారుది. వచ్చి నాలుగేళ్ళయింది. చెడ్డవాడేం కాదు, నేనైతే చెడ్డవాడని అనను. జేబులో మూడు రంగుల పెన్నులు మూడు, ప్రతి కాగితానికీ ఒక ఫైలు, ప్రతి ఫైలుకూ ఒక అట్ట. ఆయన దగ్గర పెద్ద కౌంటరుంది. సెట్టును తగిలిస్తే కంపనాలు లెక్కపెట్టి అంకె చూపిస్తుంది. మూడొందలకు మించి తేడా వస్తే ఆయన ఎర్ర చీటీ మీద అంకె, తేదీ, టైము రాసి, సంతకం చేసి, సరిగ్గా మర మీదే సీలు వేసినట్టు అతికించి, బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు గది మెయిన్ స్విచ్ ఆపుతాడు. ఆపానా లేదా అని మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి చూస్తాడు. కరెంటు పొదుపు చేసినందుకు కంపెనీ ఇచ్చిన ప్రశంసాపత్రాన్ని ఫ్రేము కట్టించి సరిగ్గా కౌంటరు పైనే తగిలించుకున్నాడు. ఈ ప్రశంసాపత్రాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

ఆ ఏడు చలికాలంలో ఫైరింజన్ల సెట్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మిగతావాళ్ళు తమ సెట్లను మధ్యాహ్నం పూట టెస్టింగుకు ఇచ్చేవాళ్ళు. మొండక్క సారు వెళ్ళిపోయాక కూడా ఓ గంట కూర్చుని, ముగించిన సెట్లను ఆయన గది బయట అరలో పేర్చి వెళ్ళేది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు పరీక్షకు వెళ్ళేవి అవే. కష్టపడి పనిచేసినందుకు ఆమెకు దక్కిన ఫలం ఏమిటయ్యా అంటే, పదకొండు రోజుల్లో పదకొండు ఎర్ర చీటీలు.

పన్నెండో రోజు మేనేజరు పిలిచాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. ఈ పదకొండు సెట్లూ నా అశ్రద్ధ వల్లనే తప్పాయి, నా చెవీ చెయ్యీ మునుపటిలా పనిచేయడం లేదు, నా ఇష్టంతోనే ప్యాకింగుకు మారుతున్నాను. కింద సంతకానికి గీత. మేనేజరు మెత్తగానే మాట్లాడాడు. జీతం తగ్గదన్నాడు, కళ్ళకు శ్రమ ఉండదన్నాడు, ఈ వయసులో అదే నయమన్నాడు. పక్కన నిలబడ్డ టెస్టింగ్ సారు, చెవితో ఫ్రీక్వెన్సీ కుదిర్చే రోజులు పోయాయని చెప్పాడు.

అంకె చూపిస్తున్న కౌంటరు సరైనదేనా అని ఆమె అడిగింది. సారు నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా."

"మద్దెల ఓడు కాదని ఎవరు చూశారు సార్?"

జవాబు లేనప్పుడు పెద్దలు గడువిస్తారు. మేనేజరు రెండు వారాలిచ్చాడు. ఆ తర్వాత వచ్చే సోమవారం సంతకం పెట్టాలి, అప్పటిదాకా మర ముట్టుకోకూడదు, వచ్చిన సెట్ల దుమ్ము దులపాలి. ఇరవై రెండేళ్ళ చేతికి ఒక బ్రష్షు ఇచ్చి కూర్చోబెట్టారు.

ఆమెను పెట్టమన్న ఆ సంతకమే మూడేళ్ళ కిందట, ఇలాంటి చలికాలంలోనే, బాబాయ్ పెట్టాడు. ఆయనా పొద్దుపోయే దాకా కూర్చుని, సెట్లు అరలో పేర్చి వెళ్ళే మనిషే. ఆయనవి ఏడు తప్పాయి. నీ చెయ్యి వణుకుతోందన్నారు. ఆయన చెయ్యి చాచి చూసుకున్నాడు, వణికినట్టే అనిపించింది. నలుగురూ చూస్తుండగా నీ చెయ్యి వణుకుతోందంటే ఏ చెయ్యి వణకదు? సంతకం పెట్టి కింది అంతస్తుకు దిగిపోయాడు. అప్పటి నుంచీ అట్టపెట్టెలకు టేపు అతికిస్తున్నాడు, మెట్ల మీద ఆమె ఎదురైతే చేతులు జేబుల్లో దాచుకుంటున్నాడు. అప్పుడు ఆమె జాలిపడింది, అయ్యో పెద్దతనం అనుకుంది. ఇప్పుడు ఆ జాలి గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇంట్లో ముందు గది భర్తది. ఆయన టైలరు. కత్తిరింపు బల్ల మీద గుడ్డలు పక్కకు జరిపి, ఆమె పదకొండు చీటీల నకళ్ళూ పరిచింది. ఆరొందల పది ఎక్కువ, ఐదొందల తొంభై ఎక్కువ, ఆరొందల నలభై ఎక్కువ. ఒక్కదాని మీదా తక్కువ అని లేదు.

"వణికే చెయ్యి అటూ ఇటూ వణుకుతుంది. ఎప్పుడూ ఒకవైపే వణికే చెయ్యి మీరెక్కడైనా చూశారా?" అని అడిగింది.

ఆయన మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ ఆలోచించాడు. ఆయనకూ ఒక పాత గాయముంది. ఒకప్పుడు నెల రోజుల పాటు ఆయన కుట్టిన చొక్కాలన్నీ బిగుతైపోయాయి. మనుషుల కొలతలు మెడలోని టేపుతో, గుడ్డ కత్తిరింపు బల్ల మీది ఇనుప స్కేలుతో తీస్తాడు. జనం చొక్కాలు వెనక్కి తెచ్చి పడేస్తే, మీరే లావయ్యారని వాదించాడు. ఒకాయనతో చేతులు కలబడేదాకా వచ్చింది. చివరికి టేపును స్కేలు పక్కన పెట్టి చూస్తే, మెడలో వేలాడి వేలాడి అది అంగుళం సాగింది.

"నీ చెవిని అనుమానించే ముందు వాళ్ళ టేపును కొలవాలి. టేపును కొలవాలంటే మన దగ్గర ఇంకో టేపుండాలి" అన్నాడు.

ఆ మాటతో తీర్మానం అయిపోయింది. కౌంటరు ఆమె తనే కట్టుకుంటుంది. లోపలి గదిలోంచి అత్తగారు ఇదంతా విని, సంతకం పారేసి హాయిగా పెట్టెలు కట్టుకోరాదా, నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు కదా అంది. ఎనభై ఏళ్ళు దాటినా అత్తగారి చెవులు భేషుగ్గా ఉన్నాయి.

సామాను పెద్దగా ఏం లేదు. లెక్కపెట్టడానికి అగ్గిపెట్టెలో సగమంత చిప్పు బోర్డు ఒకటి. లెక్కను ఫోనుకు పంపడానికి బ్లూటూత్ ముక్క ఒకటి. చూడటానికి భర్త పారేసిన, అద్దం పగిలిన ఫోను. అన్నీ పెట్టడానికి గుండీల డబ్బా. రేకు డబ్బా అది. లోపలి గుండీలను అత్తగారి పాత మేజోడులోకి ఒంపి, మూతకు మేకుతో రంధ్రాలు పొడిచింది. సోల్డరింగు ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కష్టమైందల్లా ఫోను. రంగురంగుల దిమ్మెలు ఒకదానికొకటి తగిలిస్తే యాప్ తయారయ్యే పద్ధతి ఒకటుందని తెలుసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఓ ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. మొదట ఏమీ రాలేదు. తర్వాత అంకెలు వెనక నుంచి ముందుకు వచ్చాయి. దీపాలు పెట్టే వేళకు సరిగ్గా వచ్చాయి. అంకె తెరంతా పరుచుకునేలా పెట్టింది, కింద ఒక గీత. లెక్క మారితే గీత ఎక్కుతుంది, దిగుతుంది, జరిగిందంతా దాచుకుంటుంది.

పరీక్షకు పాత సెట్టు లోంచి పీకిన, కంపనాలు పుట్టించే క్రిస్టల్ ముక్క తగిలించింది. దాని మీద సెకనుకు కోటి కంపనాలని రాసి ఉంది. ఫోనులో కోటి పైన రెండొందల పదమూడు వచ్చింది. ఆమె పొంగిపోయేలోపే రెండొందల తొమ్మిదైంది, తర్వాత నూట తొంభై. ఒక్కచోట నిలవదు. ఆమె అతుకులన్నీ విప్పి మళ్ళీ అతికింది. వైర్లు మార్చింది. మూడు సాయంత్రాలు అదే తంతు. గడువులో వారం గడిచిపోయింది. నాలుగో సాయంత్రం అత్తగారు పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చి, ఎక్కడ చోటు కనిపిస్తే అక్కడ పెట్టే తన అలవాటు కొద్దీ, డబ్బాకు ఆనించి పెట్టి వెళ్ళింది.

ఫోనులో గీత కొండెక్కినట్టు ఎక్కింది. ఆమె కసురుకోబోయి ఆగింది. గ్లాసు తీసింది, గీత దిగింది. పెట్టింది, ఎక్కింది. అరగంట సేపు అలా గ్లాసు పెడుతూ తీస్తూ కూర్చుంటే టీ నీళ్ళలా చల్లారిపోయింది. తాగడానికిచ్చాను గానీ ఆడుకోవడానికి కాదని అత్తగారు గొణిగింది. మొండక్క వినలేదు. క్రిస్టల్ వేడికి ఒకలా, చలికి ఒకలా కొట్టుకుంటోంది. చలికి ముడుచుకునే రకం. బాబాయ్ మాట ఇరవై రెండేళ్ళ తర్వాత ఆమెకు అర్థమైంది.

లేచి వెళ్ళి చీటీలు మళ్ళీ తీసింది. ఇంతకు ముందు అంకెలే చూసింది, ఇప్పుడు టైములు చూసింది. తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. తొమ్మిది దాటి నాలుగు. తొమ్మిది దాటి ఆరు. పదకొండు చీటీలూ అంతే, రోజుకొకటి, రోజులో మొదటి సెట్టు. సారు తొమ్మిదికి వస్తాడు, మెయిన్ వేస్తాడు, అరలోంచి మొదటి సెట్టు తీసి పరీక్షిస్తాడు, ఎర్ర చీటీ అతికించి టీకి వెళ్తాడు, అరగంటకు తిరిగొస్తాడు. తర్వాత చూసినవన్నీ పాసవుతాయి. ఇదంతా గాజు తలుపులోంచి ఆమె రోజూ చూస్తున్నదే. కౌంటరు కడుపులోనూ ఒక క్రిస్టల్ ఉంటుంది, దాని చుట్టూ చిన్న కుంపటి ఉంటుంది, అది వేడెక్కడానికి టైము పడుతుంది. రాత్రంతా మెయిన్ ఆపేస్తే కుంపటి ఆరిపోతుంది. పొద్దున్నే అది చలికి బిగుసుకుని తప్పు లెక్క చెబుతోంది. ఆ తప్పుకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు.

తెలిసింది సరే, నిరూపించడమెలా? ఆమె డబ్బాలో ఉన్నదీ క్రిస్టలే, అదీ వేడికి సాగేదే. సాగే టేపుతో సాగే టేపును కొలిస్తే ఎవరు నమ్ముతారు? ఎవరి గదిలోనూ పుట్టని సెకను ఒకటి కావాలి. బండ్లు ఎక్కడున్నాయో చెప్పే జీపీఎస్ ముక్కల్లో అది దొరుకుతుంది. పైన తిరిగే ఉపగ్రహాల నుంచి వాటికి సెకనుకొక టిక్కు అందుతుంది, దానికి ఎండా చలీ అంటవు. పాతసామాను కొట్లో విరిగిన ట్రాకరొకటి వెతికి తెచ్చి, దాన్ని డబ్బాలోకి ఎక్కించింది. ఆ టిక్కుకూ ఈ టిక్కుకూ మధ్య ఎన్ని కంపనాలో లెక్కపెట్టమంది. దాని యాంటెన్నాను కిటికీ చువ్వకు కట్టింది. గంట బాగా నడిచి లెక్క ఆగిపోయింది. చూస్తే అత్తగారు తడి దుప్పటి తెచ్చి సరిగ్గా దాని మీదే ఆరేసింది. ఆకాశంలో తిరిగేవాటికి నా దుప్పటి అడ్డమొచ్చిందా అని కాసేపు దెబ్బలాడింది గానీ, తర్వాత తనే ఆ కిటికీకి కాపలా కూర్చుంది, కొడుకును కూడా అటు దుమ్ము దులపనివ్వలేదు. మళ్ళీ టీ గ్లాసు పెట్టి చూశారు. క్రిస్టల్‌కు పెడితే గీత కదిలింది, డబ్బాకు పెడితే ఇసుమంత కదల్లేదు. ఇంట గెలిచింది, ఇక రచ్చ మిగిలింది.

శుక్రవారం ఆమె మేనేజరు దగ్గరికి వెళ్ళింది. సోమవారం సంతకం పెడతానని, పెట్టేముందు ఒక పూట తన డబ్బాతో కౌంటరు పక్కన కూర్చోనివ్వాలని అడిగింది. కారణం చెప్పలేదు. చెబితే నవ్వుతారు, నవ్వకపోతే ముందే మెయిన్ వేసి సర్దుకుంటారు. ఆయన సరేనన్నాడు.

సోమవారం తొమ్మిదికి గుండీల డబ్బా చంకన పెట్టుకుని గాజు తలుపు తీసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. గది తుడిచి మెరిసిపోతోంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి, కౌంటరు నడుస్తోంది. మేనేజరు వచ్చి కూర్చుంటాడని ఊడ్చే ఆమెను ఏడింటికే రమ్మన్నారట. ఆమె రాగానే మెయిన్ వేసింది. రెండు గంటలుగా కుంపటి కాలుతూనే ఉంది.

వెనక్కి తిరిగే దారి లేదు. యాంటెన్నా కిటికీలో పెట్టి, కౌంటరు వెనక ఉన్న చిన్న సాకెట్టుకు డబ్బాను తగిలించింది. ఆ సాకెట్టులో కౌంటరు తన క్రిస్టల్ కంపనాలను తనే బయటికి ఇస్తుంది, సెకనుకు కోటి. ఫోను తెర మీద అంకె పడింది. ఒకటి, దాని తర్వాత ఏడు సున్నాలు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. గీత నీళ్ళ మీద పరిచిన దారంలా కదలకుండా ఉంది.

టెస్టింగ్ సారు వంగి చూశాడు. మీ డబ్బా కూడా మా కౌంటరు సరైనదనే చెబుతోందమ్మా అన్నాడు, సంతోషంగా. మేనేజరు కాగితం ముందుకు జరిపి, పెన్ను దాని మీద పెట్టాడు. మొండక్క పెన్ను తీసుకుంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క క్షణం ఆమెకు బాబాయ్ చేతులు కళ్ళముందు కదిలాయి, జేబుల్లో దాచుకున్నవి. పెన్నుకు మూత పెట్టేసింది.

"సరైనదేనంటున్నారు కదా సార్. అయితే ఈ సరైన కౌంటరుతో నా పదకొండు సెట్లూ ఇప్పుడు చూడండి."

అందులో కాదనడానికేముంది? బీరువా తాళం ఆయన దగ్గరే, చీటీల మీద సంతకం ఆయనదే, మరల మీది సీలు చెక్కుచెదరలేదు. మొదటి సెట్టు తగిలించాడు. తేడా పన్నెండు. మూడొందల దాకా తప్పు లేని చోట పన్నెండు. రెండోది తొమ్మిది తక్కువ. మూడోది నాలుగు ఎక్కువ. నాలుగో సెట్టు దగ్గర ఆయన పెన్ను రంగు మార్చాడు, ఏడో సెట్టు దగ్గర రాయడం మానేశాడు. పదకొండూ పాసయ్యాయి, కొన్ని అటు, కొన్ని ఇటు, మనిషి చెయ్యి చేసిన పనిలా.

ఎలా జరిగిందని మేనేజరు అడిగాడు. ఆమె చెప్పలేదు, చూపిస్తానంది. ఆయన చేత్తోనే మెయిన్ ఆపించింది, కిటికీలన్నీ తెరిపించి చలిగాలి లోపలికి రానిచ్చింది, మధ్యాహ్నం రెండింటి దాకా గదికి తాళం వేయించింది. రెండింటికి ఆయనే స్విచ్ వేశాడు. ఫోను తెర మీద ఏడు సున్నాలు లేవు. తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై ఏడు ఉంది. కోటికి నలభై మూడు తక్కువ. సారు పొద్దున పాసైన మొదటి సెట్టునే తగిలించాడు. ఆరొందల నలభై ఎక్కువ. కౌంటరు కంపనాలు తగ్గితే దాని సెకను సాగుతుంది, ఆ సాగిన సెకనులో కోటికి పదిహేను రెట్లకు దగ్గరగా కొట్టుకునే సెట్టు లెక్క అంత ఎక్కువా పడుతుంది. ఆయన చెయ్యి అలవాటు చొప్పున ఎర్ర చీటీ మీదికి వెళ్ళి ఆగింది.

మేనేజరు ఫోను ముందు నుంచి లేవలేదు. గీత మెట్లెక్కినట్టు ఎక్కుతూ పోయింది, చివరి యాభై ఏడు అరవై అయింది, డెబ్బై ఎనిమిది, తొంభై ఒకటి, ఇరవై ఆరు నిమిషాలకు కోటి దగ్గర నిలిచింది. సెట్టు మళ్ళీ తగిలిస్తే తేడా పన్నెండు. రోజూ ఈ అరగంటా నేను టీ తాగుతూ ఉండేవాణ్ణి అని సారు ఎవరికీ కాకుండా తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

మేనేజరు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. జరిగిందేదో జరిగింది, ఇంతటితో మర్చిపోదాం, రేపటి నుంచి నీ బల్ల దగ్గర కూర్చో అన్నాడు. ఇంకొకరైతే దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఈవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మచ్చ కాగితం మీద పడింది సార్. కాగితం మీదే పోవాలి."

టైపు చేయించింది. పదకొండు సెట్లూ సరైనవే, తప్పు కౌంటరును చల్లగా వాడటంలో ఉంది, దాన్ని ఇకముందు ఎప్పుడూ ఆపరాదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆమె కదల్లేదు. ఇంకొకటుంది, మూడేళ్ళ కిందటిది అంది. మేనేజరు విసుక్కున్నాడు. ఆ సెట్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, ఇప్పుడు ఏం చూపిస్తావన్నాడు. సెట్లు లేకపోతేనేం, చీటీల నకళ్ళుంటాయిగా అంది. అప్పుడు లేచింది టెస్టింగ్ సారు. చెడ్డవాడు కాదని మొదటే చెప్పాను. అటక మీది నుంచి ఫైలు తనే దించాడు, అట్ట మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచాడు, ఏడు చీటీలూ బల్ల మీద వరసగా పెట్టాడు. ఏడూ ఎక్కువే. ఏడూ తొమ్మిది దాటిన ఐదారు నిమిషాలకే. ఏడింటి కిందా ఆయన సంతకమే. రెండో కాగితం ఎవరూ చెప్పకుండానే ఆయన రాశాడు.

ఆమె ఆ కాగితం పట్టుకుని కింది అంతస్తుకు దిగింది. బాబాయ్ పెట్టెకు టేపు అతికిస్తున్నాడు, ఆమెను చూసి చేతులు జేబుల్లోకి పోనిచ్చాడు. ఆమె కాగితాన్ని పెట్టె మీద పరిచింది. చదవాలంటే కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు తియ్యాలంటే చెయ్యి బయటికి రావాలి. వచ్చింది. ఆయన మొత్తం చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"అన్నీ ఒకవైపేనా?"

"అన్నీ ఒకవైపే బాబాయ్."

"పెట్టెను ఆపొద్దని నీకు చెప్పింది నేనే. ఆ కౌంటరూ అలాంటిదేనని నాకెందుకు తట్టలేదమ్మాయ్?"

"నీ చెయ్యి చూసుకోమన్నారు, నువ్వు చూసుకుంటూ కూర్చున్నావు. నేను చూసుకోనన్నాను."

ఆయన కుడిచెయ్యి చాచి, మూడేళ్ళ తర్వాత ఆమె ఎదురుగా దాన్ని చూసుకున్నాడు. వణకలేదని నేను చెప్పను. డెబ్బైకి దగ్గరపడ్డ చెయ్యి, కొంచెం వణికింది, అటూ ఇటూ. ఆయన టేపు చుట్టను పెట్టె మీదే వదిలేసి మెట్లెక్కాడు. మొండక్క బల్ల ముందు కూర్చుని, సెట్టును పచ్చదీపం పెట్టె పక్కన పెట్టి, మరలో వేలెడు స్క్రూడ్రైవరు దించి, కళ్ళు మూసుకున్నాడు. ఈల కిందికి దిగింది. గురకైంది. ఆగింది. గాజు తలుపు దగ్గర నిలబడ్డ టెస్టింగ్ సారు సెట్టు తీసుకుని లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికి వచ్చాడు. చేతిలో ఎర్ర చీటీ లేదు. తేడా మూడు అన్నాడు.